నానమ్మ చేతి బ్యాండ్ నాలుగు గంటలకే ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి చేతికి కట్టుకునే హెల్త్ బ్యాండ్ తయారు చేస్తున్నాం. నిజానికి అది మా నానమ్మ కోసం. ఆవిడకి 71 ఏళ్లు, భీమవరం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. అప్పుడప్పుడూ కళ్లు తిరుగుతున్నాయంటుంది. పల్స్ గమనిస్తూ ఉండమని డాక్టరు గారు చెప్పారు. ప్రాసెసర్, వైఫై, బ్లూటూత్ అన్నీ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, చర్మం మీద వెలుతురు వేసి పల్స్, ఆక్సిజన్ కొలిచే మాక్స్30102 సెన్సరు, 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీ తెర, 500 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీ, టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్ వాడాం. పల్స్, ఆక్సిజన్ రీడింగులు సెకనుకోసారి వైఫై మీద క్లౌడ్‌కి వెళ్తాయి. అంతా బాగానే ఉంది కానీ నాలుగు గంటలకే బ్యాటరీ అయిపోతోంది. మా గైడ్ సారు 2000 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టేయమంటున్నారు. వారానికోసారి చార్జింగ్ పెడితే సరిపోయేలా చేయొచ్చా?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: చేయొచ్చు. ఇప్పుడున్న 500 ఎంఏహెచ్ బ్యాటరీతోనే చేయొచ్చు, చిప్పు కూడా మార్చక్కర్లేదు. మీ ఉత్తరంలో మార్చాల్సిన మాట ఒకటుంది, "సెకనుకోసారి" అన్నది. ముందు దాని సంగతి తేలిస్తే మిగిలినవి ఒక్కొక్కటే దారికొస్తాయి.

లెక్కతో మొదలుపెడదాం. 500 ఎంఏహెచ్ బ్యాటరీ నాలుగు గంటలు వచ్చిందంటే మీ బ్యాండ్ సగటున 125 మిల్లీయాంపులు తాగుతోంది. సారు చెప్పినట్టు 2000 పెడితే 16 గంటలు వస్తుంది, అంతే. పొద్దున ఆరింటికి కడితే రాత్రి పదింటికి చచ్చిపోతుంది. పైగా బ్యాటరీ నాలుగింతలై ఆవిడ మణికట్టు మీద చిన్న డబ్బాలా కూర్చుంటుంది. రెండో రోజుకి తీసి అలమారలో పెట్టేస్తుంది, ఆవిడని తప్పు పట్టలేం.

వారమంటే 168 గంటలు. బ్యాటరీలో ఉన్నదంతా వాడుకోలేం. వోల్టేజీ 3.4 దగ్గరికి దిగేసరికి, చిప్పుకి నిలకడగా 3.3 వోల్టులు అందించే రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది. అందుకని 400 ఎంఏహెచ్ చేతికొస్తుందనుకోండి. 400ని 168తో భాగిస్తే 2.4 మిల్లీయాంపులు. ఇదే మీ వారం బడ్జెట్టు. 125 నుంచి 2.4కి రావాలి, అంటే యాభయ్యో వంతుకి. కోడ్‌లో ఇక్కడో డిలే అక్కడో డిలే పెడితే ఇంత తేడా రాదు. బ్యాండ్ రోజులో ఎక్కువ భాగం నిద్రపోవాలి, అవసరమైన కాసేపే లేచి పనిచేయాలి.

ఎప్పుడు లేవాలన్నది ఎలక్ట్రానిక్స్ ప్రశ్న కాదు, నానమ్మ ప్రశ్న. మీకు కావలసింది ఆవిడ రోజుకి 86,400 రీడింగులు కాదు కదా. కళ్లు తిరిగిన ఆ నిమిషంలో పల్స్ ఎంతుంది, మామూలప్పుడు ఎంతుంటుంది, రాత్రి నిద్రలో ఎంతకి దిగుతోంది, ఈ మూడూ తెలిస్తే డాక్టరు గారికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అందుకే నా సలహా, బ్యాండ్‌కి వేలితో తడిమి పట్టుకోగలిగేంత పెద్ద బటన్ ఒకటి పెట్టండి. కళ్లు తిరుగుతున్నట్టు అనిపించగానే ఆవిడ దాన్ని నొక్కాలి. బ్యాండ్ వెంటనే లేచి ఒక నిమిషం పాటు మంచి రేటులో కొలవాలి. ఈ ఉపాయం నాది కాదు. ఆసుపత్రుల్లో గుండె లయ కోసం ఒకటి రెండు రోజులు కట్టే హోల్టర్ మానిటర్లలో కూడా ఒంట్లో తేడా అనిపించినప్పుడు నొక్కడానికి రోగికి బటన్ ఉంటుంది. ఆ పరికరానికి పేరిచ్చిన నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో మొదట చేసింది వీపున మోసే సుమారు 38 కిలోల బరువు. ఇవాళ మీరు అదే ఆలోచనని మణికట్టు మీదికి తెస్తున్నారు.

బటన్ కాకుండా పది నిమిషాలకోసారి 30 సెకన్ల పాటు దానంతటదే కొలవనివ్వండి. రోజుకి 144 రీడింగులు వస్తాయి. పగలూ రాత్రీ పల్స్ ఎలా నడుస్తోందో గ్రాఫు గీసుకోవడానికి అది చాలు. మధ్యలో వచ్చిపోయే చిన్న తేడాలు తప్పిపోతాయా అంటే తప్పిపోతాయి, అది దాచిపెట్టాల్సిన సంగతి కాదు. డాక్టరు గారికి ముందే చెప్పండి, "ఇది పది నిమిషాలకోసారే చూస్తుంది, నొక్కినప్పుడు మాత్రం అప్పటికప్పుడు చూస్తుంది" అని. చాలదంటే ఆయనే హోల్టర్ రాస్తారు. మీ బ్యాండ్ హోల్టర్‌కి బదులు కాదు, ఆ మాట ఇంట్లో అందరికీ తెలిసుండాలి. అడిగేటప్పుడే ఆక్సిజన్ కూడా కావాలా, పల్స్ ఒక్కటే చాలా అన్నదీ అడగండి. పల్స్ ఒక్కటే చాలంటే సెన్సరులో వెలిగే రెండు ఎల్‌ఈడీల్లో ఒకటి ఆపేయొచ్చు.

ఇక పద్దు వేద్దాం. పాల ఖాతా రాసినట్టు నోటు పుస్తకంలో మూడు నిలువు గీతలు గీయండి. ఏం చేస్తోంది, ఎన్ని మిల్లీయాంపులు, ఎన్ని సెకన్లు. పది నిమిషాలంటే 600 సెకన్లు. అందులో 30 సెకన్లు కొలత. ప్రాసెసర్‌ని 80 మెగాహెర్ట్జ్‌కి దించి, వైఫై, బ్లూటూత్ రెండూ ఆపి, కానీ నిద్రపుచ్చకుండా మొరటుగా నడిపినా 30 మిల్లీయాంపుల దరిదాపుల్లో ఉంటుంది. 30 ఇంటూ 30, అంటే 900. సెన్సరుకి 3 చొప్పున 90. బ్లూటూత్ తెరిచి ఫలితం పంపడానికి ఒక సెకను, 100. మిగతా సమయమంతా నిద్ర, అన్నీ కలిపి 0.1 అనుకుంటే 60. మొత్తం 1150. దాన్ని 600తో భాగిస్తే సగటు 1.9 మిల్లీయాంపులు. 400 ఎంఏహెచ్‌తో 210 గంటలు, అంటే ఎనిమిది రోజులు దాటింది. ఇది మొరటు కోడ్ లెక్క. కొలిచే 30 సెకన్లలో కూడా ప్రాసెసర్‌ని మధ్యమధ్యలో లైట్ స్లీప్‌లోకి, అంటే చిన్న కునుకులోకి పంపితే ఆ 900 కాస్తా వందల్లోకి, ఇంకా కిందికి దిగుతుంది. బ్యాండ్ మూడు వారాలు దాటినా ఆశ్చర్యం లేదు.

అలా పంపడానికి కావలసింది సెన్సరులోనే ఉంది. మాక్స్30102లో 32 శాంపిళ్లు, అంటే విడి కొలతలు, పోగేసుకునే ఫిఫో అనే చిన్న డబ్బా ఉంటుంది, అది నిండవస్తుంటే ప్రాసెసర్‌ని లేపడానికి ఇంటరప్ట్ పిన్ను కదిలిస్తుంది. చాలా మంది విద్యార్థులు ఆ పిన్ను తీగ కలపనే కలపరు. లూప్‌లో కూర్చుని "వచ్చిందా, వచ్చిందా" అని ప్రాసెసర్‌తో సెకనుకి వందల సార్లు అడిగిస్తారు. ఆ ఒక్క తీగ సోల్డర్ చేయండి. సెకనుకి 50 శాంపిళ్ల రేటులో ప్రాసెసర్ అర సెకనుకోసారి లేచి, డబ్బాలో పోగైనవి తీసుకుని, మళ్లీ పడుకుంటుంది.

ఇప్పుడు మీరు తప్పకుండా తగిలించుకోబోయే దెబ్బ ఒకటి ముందే చెప్తాను. కోడ్‌లో డీప్ స్లీప్, అంటే చిప్పుకి గాఢనిద్ర, పెడతారు. డేటాషీట్‌లో 10 మైక్రోయాంపులని ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 10 మిల్లీయాంపులు కనిపిస్తుంది, వెయ్యి రెట్లు. డీప్ స్లీప్ పనిచేయడం లేదేమోనని కోడ్‌లో రాత్రంతా వెతుకుతారు. కోడ్ బాగానే ఉంటుంది. చిప్పు పడుకుంది, బోర్డు పడుకోలేదు. మీరు వాడుతున్న డెవలప్‌మెంట్ బోర్డు బల్ల మీద ప్రయోగాలకి చేసింది, చేతికి కట్టుకోవడానికి కాదు. దాని మీద యూఎస్‌బీ చిప్పు ఉంటుంది, ఎర్రగా వెలిగే పవర్ ఎల్‌ఈడీ ఉంటుంది, ఎక్కువ బోర్డుల్లో ఏఎంఎస్1117 రెగ్యులేటరు ఉంటుంది. ఆ రెగ్యులేటరు తనకోసమే సుమారు 5 మిల్లీయాంపులు ఉంచుకుంటుంది. పైగా లోపలికి వచ్చే వోల్టేజీ, బయటికిచ్చే దానికంటే ఒక వోల్టుకి మించి ఎక్కువ ఉండాలంటుంది. 3.7 వోల్టుల బ్యాటరీతో దానికి కాపురం ఎక్కడ కుదురుతుంది?

ఆ చిన్న ఎర్ర లైటుని తక్కువగా చూడకండి. అది 2 మిల్లీయాంపులు తీసుకుంటోందనుకుంటే వారానికి 336 ఎంఏహెచ్ అవుతుంది. మీ బడ్జెట్టు మొత్తం 400. అంటే నానమ్మ గుండె చూడాల్సిన కరెంటులో అయిదింట నాలుగొంతులు "నేను వెలుగుతున్నాను" అని చెప్పుకోవడానికే పోతోంది. సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని తీసి పారేయండి, ఇవాళే.

బల్ల మీద పని అయ్యాక బోర్డు వదిలేసి, దాని మీదున్న వెండి రంగు మూత మాడ్యూల్‌ని విడిగా కొని చిన్న పీసీబీ మీద పెట్టుకోండి. రెగ్యులేటరుగా ఎంసీపీ1700 లాంటిది వాడండి. ఖాళీగా ఉన్నప్పుడు అది తినేది 1.6 మైక్రోయాంపులు, ఇవ్వగలిగేది 250 మిల్లీయాంపులు. వైఫై తీసేస్తున్నాం కనుక అది సరిపోతుంది. పక్కనే 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి పెడితే బ్లూటూత్ తెరిచిన క్షణంలో వోల్టేజీ కుంగదు.

సెన్సరుని నిద్రపుచ్చడం కూడా మీ బాధ్యతే. ఈఎస్‌పీ32 పడుకుంటే పక్కనున్న చిప్పులు వాటంతట అవి పడుకోవు. రాత్రి గదిలో లైట్లు ఆపి బ్యాండ్‌ని తిరగేసి చూడండి. సెన్సరు గాజు వెనక ఎర్రగా మినుకుమంటుంటే అది మేలుకునే ఉంది. మాక్స్30102లో మోడ్ రిజిస్టరు, అంటే అది ఎలా నడవాలో రాసే గడి, చిరునామా 0ఎక్స్09, అందులో అన్నిటికంటే పై బిట్టు షట్‌డౌన్ బిట్టు. డీప్ స్లీప్‌కి వెళ్లే ముందు దాన్ని 1 చేయండి. ఒక మైక్రోయాంపు లోపుకి దిగుతుంది. నేను ఈ పరీక్షని ఎప్పుడూ చీకట్లోనే చేస్తాను, మీటరు కంటే ముందు కన్ను చెప్పేస్తుంది.

ఇక మేలుకున్నప్పుడు ఆ ఎల్‌ఈడీ ఎంత తినాలన్నది. దీనికి సూత్రం చిన్నది. ఎల్‌ఈడీ కరెంటు, ఒక్కో మెరుపు ఎంతసేపు, సెకనుకి ఎన్ని మెరుపులు, ఈ మూడూ గుణిస్తే సగటు. 25 మిల్లీయాంపులు, 411 మైక్రోసెకన్లు, సెకనుకి 400 సార్లు పెట్టారనుకోండి. ఒక్కో ఎల్‌ఈడీకి 4.1, రెండిటికీ 8.2 మిల్లీయాంపులు. అదే 7 మిల్లీయాంపులు, 215 మైక్రోసెకన్లు, సెకనుకి 50 అయితే రెండూ కలిపి 0.15. యాభై రెట్లకి పైనే తేడా. గుండె నిమిషానికి 200 సార్లు కొట్టుకున్నా సెకనుకి నాలుగు కొట్టుళ్లు కూడా కావు, దాన్ని పట్టుకోవడానికి 50 శాంపిళ్లు చాలు. మెరుపు కురచయ్యే కొద్దీ కొలతలో సున్నితం తగ్గుతుంది, 411కి 18 బిట్లు ఉంటే 69కి 15 బిట్లే వస్తాయి. అందుకే అన్నిటికంటే కిందికి లాగేయకుండా 215 దగ్గర మొదలుపెట్టమంటున్నాను.

ఇక్కడ ఒక్క విషయం మనసుపెట్టి వినండి. ఎల్‌ఈడీ కరెంటు ఎంత చాలో మీ వేలి మీద చూసి నిర్ణయించకండి. పరీక్షించాల్సింది నానమ్మ చేతి మీద. చర్మం రంగు ముదిరే కొద్దీ మెలనిన్ వెలుతురుని ఎక్కువగా మింగేస్తుంది. వయసు మీదపడ్డాక చేతులు చల్లగా ఉంటాయి, రక్తం తక్కువగా పారుతుంది. ఆక్సిజన్ కొలతల్లో ఇది నిజంగానే ప్రాణాల మీదికి వచ్చే సంగతి. నల్లజాతి రోగుల్లో పల్స్ ఆక్సిమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపించిన సందర్భాలు తెల్లవారిలో కంటే సుమారు మూడింతలని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు రాశారు. అవి ఆసుపత్రి పరికరాలు. మన ప్రాజెక్టు పరికరం దగ్గర ఇంకెంత జాగ్రత్త కావాలి! అందుకని కరెంటుని ఒకే అంకెకి కట్టేయకండి. తక్కువలో మొదలుపెట్టి, సిగ్నల్ బలహీనంగా ఉంటే మెట్టు మెట్టుగా పెంచేలా కోడ్ రాయండి. అప్పటికీ రాకపోతే ఆ రీడింగుని "నమ్మలేనిది" అని రాసుకుని పడుకోవాలి. పిచ్చి అంకె ఒకటి పంపడం కంటే అది మేలు.

మణికట్టు విషయంలో ఇంకో చిక్కుంది. మాక్స్30102లో ఉన్నవి ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు. వేలి కొసకి, చెవి తమ్మెకి అవి బాగా సరిపోతాయి. మణికట్టు మీద మాత్రం పల్స్‌కి ఆకుపచ్చ వెలుతురే బాగా పనిచేస్తుంది, అందుకే బజారులో దొరికే వాచీల వెనక ఆకుపచ్చగా మెరుస్తుంటుంది. ఎరుపుతో మణికట్టు మీద సిగ్నల్ రాక, రాక, మీరు కరెంటు పెంచుకుంటూ పోయి ఉంటారని నా అనుమానం. రెండు దారులున్నాయి. ఆకుపచ్చ ఎల్‌ఈడీ కూడా ఉన్న మాక్స్30101కి మారడం ఒకటి. సెన్సరుని బ్యాండ్ పైవైపుకి తిప్పి, రెండో చేతి వేలు ఆనించమనడం రెండోది. రెండోదానికి కరెంటు దాదాపు ఏమీ ఖర్చవదు, కానీ నిద్రలో కొలవలేరు. నేనైతే మాక్స్30101 వైపే మొగ్గుతాను.

బ్యాండ్ ఎక్కడ కడతారన్నదీ కరెంటు లెక్కలోకే వస్తుంది. మీ నానమ్మ చేతికి గాజులుంటాయి కదా. గాజులకి కిందా మీదా కడితే అవి వచ్చి తగిలినప్పుడల్లా సెన్సరు కదిలిపోతుంది. కదిలిన రీడింగు పనికిరాదు, మళ్లీ కొలవాలి, అంటే రెండింతల ఖర్చు. గాజులు ఆగే చోటికి నాలుగు వేళ్లు పైన, మోచేతి వైపు కట్టండి. వెడల్పాటి మెత్తటి వెల్క్రో పట్టీ, సెన్సరు చుట్టూ నల్లటి ఫోమ్ రింగు పెట్టండి. బయటి వెలుతురు లోపలికి రాకపోతే తక్కువ ఎల్‌ఈడీ కరెంటుతోనే సిగ్నల్ శుభ్రంగా వస్తుంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఇదెవరూ రాయరు కానీ పది రూపాయల ఫోమ్ ముక్క చేసే మేలు చాలా కోడ్ చేయలేదు. వీలైతే ఏడీఎక్స్‌ఎల్362 లాంటి కదలిక సెన్సరు ఒకటి చేర్చండి. కదలిక కోసం కాచుకుని ఉండే మోడ్‌లో అది 270 నానోయాంపులే తీసుకుంటుంది. చెయ్యి రుబ్బుడులోనో, బట్టలు ఉతకడంలోనో ఉంటే ఆ విడత కొలత ఆపి రెండు నిమిషాలాగి చూసుకోవచ్చు. కరెంటూ మిగులుతుంది, అంకె కూడా నిజమైనది వస్తుంది.

వైఫై వదిలేయండి. ఈఎస్‌పీ32 వైఫై పంపేటప్పుడు 180 నుంచి 240 మిల్లీయాంపుల దాకా లాగుతుంది. మీ 125లో సింహభాగం అదే. పల్లెలో ఆ వైఫై ఎక్కడిది? నానమ్మ ఫోన్ హాట్‌స్పాటే అయ్యుంటుంది, ఆ ఫోనూ మధ్యాహ్నానికే చచ్చిపోతుంటుంది. ఇంటర్నెట్‌కి పంపే పని ఫోన్‌కి వదిలేసి, బ్యాండ్ నుంచి ఫోన్ దాకా తక్కువ కరెంటుతో నడిచే "బ్లూటూత్ లో ఎనర్జీ" చాలనుకోండి. పంపేది కూడా ఏమిటన్నది చూడండి. 50 శాంపిళ్ల రేటులో రెండు ఎల్‌ఈడీల ముడి డేటా పంపితే ఒక్క కొలతకి 9000 బైట్లు. పల్స్ అంకె, దాన్నెంత నమ్మొచ్చు, టైము, ఇవి బ్యాండ్‌లోనే తేల్చుకుంటే 8 బైట్లు. రోజంతటి 144 రీడింగులకీ కలిపి 1152 బైట్లు. డీప్ స్లీప్‌లో కూడా చెరిగిపోని ఆర్‌టీసీ మెమరీ ఈఎస్‌పీ32లో 8 కిలోబైట్లుంది, అందులో హాయిగా పడతాయి. గంటకో, మూడు గంటలకో ఒకసారి మూటగట్టి పంపండి. బటన్ నొక్కినప్పుడూ, పల్స్ మీరు పెట్టిన హద్దు దాటినప్పుడూ మాత్రం ఆగకండి. అప్పటికప్పుడు, ముడి డేటాతో సహా పంపేయండి. మిగతా రోజంతా పొదుపు చేసింది ఆ నిమిషంలో ఖర్చు పెట్టడానికే.

షుగరు ఉన్నవాళ్లు జబ్బ మీద అతికించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే మొదటి తరం సెన్సరు ఇదే బాటలో నడిచింది. 14 రోజులు ఒంటి మీద ఉంటుంది, 15 నిమిషాలకోసారి గ్లూకోజు విలువ దాచుకుంటుంది, ఎనిమిది గంటలవి గుర్తుపెట్టుకుంటుంది. దానంతటది ఎక్కడికీ పంపదు. రీడరో ఫోనో దగ్గరికి తెచ్చినప్పుడే ఇస్తుంది. రేడియో మోత లేకపోబట్టే అంత చిన్న బిళ్లలో రెండు వారాలు బతికింది.

బ్లూటూత్‌లో నేను చేసిన పొరపాటు ఒకటి మీకు చెప్పి తీరాలి. చాలా ఏళ్ల కిందట గుండెని గమనించడానికి ఛాతీకి అతికించే ప్యాచ్ ఒకదానికి ఫర్మ్‌వేర్, అంటే దాని లోపల నడిచే కోడ్, రాశాను. ల్యాబ్‌లో రెండు రోజులు శుభ్రంగా వచ్చేది. ఊళ్లలో రోగులకి ఇస్తే కొందరికి మధ్యాహ్నానికే ఆగిపోయేది. బ్యాటరీలు నాసిరకమని నాలుగు వారాలు వాటి మీద పడ్డాం. తీరా ఒక రైతు ఇంటికి వెళ్లి కూర్చుంటే తెలిసింది. ఆయన పొద్దున్నే పొలానికి వెళ్తూ ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కి పెట్టి వెళ్తాడు. ఫోన్ దూరమవగానే నా ప్యాచ్ దానికోసం 20 మిల్లీసెకన్లకోసారి కేకలు వేయడం మొదలుపెట్టేది, ఆయన తిరిగొచ్చేదాకా ఆపేది కాదు. ల్యాబ్‌లో ఫోన్ ఎప్పుడూ పక్కనే ఉంటుంది కనుక మాకది ఎన్నడూ కనిపించలేదు. మీ కోడ్‌లో ఫోన్ దొరకకపోతే మూడు సెకన్లు చూసి పడుకోమనండి. మళ్లీ పది నిమిషాల తర్వాత చూడమనండి. నానమ్మ కూడా ఫోన్ నట్టింట్లో వదిలి పెరట్లోకి వెళ్తుంది కదా.

తెర విషయం. 0.96 అంగుళాల తెర మీద అంకె 71 ఏళ్ల కళ్లకి కనపడదు. కనపడితే ఇంకో ఇబ్బంది, పల్స్ 58 అనో 96 అనో చూసి ఆవిడ కంగారు పడుతుంది, ఆ కంగారుకి పల్స్ ఇంకా పెరుగుతుంది. నిండుగా వెలిగితే ఆ తెర 20 మిల్లీయాంపుల దాకా తీసుకుంటుంది. నా మాట వింటే తీసేయండి. బటన్ నొక్కితే "విన్నాను" అన్నట్టు ఒకసారి జర్రుమనే చిన్న వైబ్రేషన్ మోటారు చాలు. 2014లో షావోమీ తెచ్చిన మొదటి మి బ్యాండ్‌కి తెర లేదు, మూడు చుక్కల లైట్లే. బ్యాటరీ 41 ఎంఏహెచ్, మీ దానిలో పన్నెండో వంతు కూడా లేదు, అయినా నెల రోజులు వస్తుందని చెప్పి అమ్మారు. లెక్కేస్తే సగటున 57 మైక్రోయాంపులు. పల్స్ సెన్సరు అందులో లేదు నిజమే, కానీ ఏవేవి వదిలేస్తే రోజులెలా సాగుతాయో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. వైవాలో ఎగ్జామినర్‌కి చూపించడానికి తెర కావాలంటే ఊడదీసి పెట్టుకునేలా కనెక్టరు పెట్టుకోండి.

ప్రాజెక్టు అయ్యాక తీరిక దొరికితే ఒకటి ఆలోచించండి. కళ్లు తిరగడానికి కారణం గుండె లయలో తేడా అని డాక్టరు గారు అనుమానిస్తుంటే, వెలుతురుతో చూసే పల్స్ కంటే ఈసీజీ వాళ్లకి ఎక్కువ చెప్తుంది. విచిత్రమేమంటే ఈసీజీకి కరెంటు తక్కువే కావాలి. పల్స్‌కి మనం వెలుతురు పోయాలి, ఈసీజీలో కరెంటు పుట్టించేది గుండే, మనం దాన్ని పెద్దది చేసుకుని వినడమే. మీ కాలేజీ ల్యాబుల్లో కనపడే ఈసీజీ చిప్పు ఏడీ8232 తీసుకునేది 170 మైక్రోయాంపులు. అప్పుడు చిప్పు కూడా ఎన్‌ఆర్‌ఎఫ్52832కి మారితే బ్లూటూత్‌లో మాట్లాడేటప్పుడు 100 మిల్లీయాంపుల చోట 5 చాలు. కానీ ఇప్పుడే మారకండి, మొదట చేతిలో ఉన్నదానితో వారం రోజులు రప్పించండి.

కొలవడం గురించి రెండు మాటలు. మల్టీమీటర్‌ని బ్యాటరీ తీగకి సిరీస్‌లో పెడతారు కదా, మైక్రోయాంపుల రేంజిలో మొదలుపెట్టకండి. ఆ రేంజిలో మీటరు లోపలి రెసిస్టరు పెద్దది, చిప్పు లేచిన క్షణంలో వోల్టేజీ పడిపోయి రీసెట్ అవుతూనే ఉంటుంది. పెద్ద రేంజిలో మొదలుపెట్టి, నిద్రలోకి వెళ్లాక కిందికి మార్చండి. లేచినప్పుడు ఏం జరుగుతోందో చూడాలంటే ఒక ఓమ్ రెసిస్టరు సిరీస్‌లో పెట్టి దాని రెండు కొసలకీ ల్యాబ్‌లోని ఆసిలోస్కోపు తగిలించండి. 100 మిల్లీయాంపులకి 100 మిల్లీవోల్టులు కనిపిస్తుంది. ఒక్కో మార్పు చేశాక ఒక్కసారి కొలిచి నోటు పుస్తకంలో రాయండి. అయిదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇన్ని చెప్పాను కానీ, మీ ఉత్తరం చదవగానే నాకు భయమేసింది చార్జింగ్ మాడ్యూల్ దగ్గర. టీపీ4056 మాడ్యూళ్లు బజారులో 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో వస్తాయి, ఒక యాంపు చొప్పున ఎక్కిస్తాయి. మీ 500 ఎంఏహెచ్ బ్యాటరీకి అది తట్టుకోగలిగిన దానికి రెండింతలు. అలా చేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. ఆ రెసిస్టరు తీసి 4.7 కిలో ఓమ్‌లది పెట్టండి, సుమారు 250 మిల్లీయాంపులకి దిగుతుంది. బ్యాటరీకి ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉందో లేదో చూసుకోండి. ఈ రెండూ అయ్యేదాకా బ్యాండ్ నానమ్మ చేతికి కట్టొద్దు. కట్టాక కూడా చేతి మీద ఉండగా చార్జింగ్ పెట్టొద్దు.

ఆ నెమ్మది చార్జింగ్‌తో బ్యాటరీ నిండడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. వారంలో ఏ రోజు పెట్టాలో కూడా ఆవిడే చెప్తుంది, ఏ రోజు తలంటుకుంటారో అడగండి. ఆ రోజు ఎలాగూ బ్యాండ్ తీయాలి. తలంటు, సాంబ్రాణి పొగ, పూజ, భోజనం అన్నీ ముగించుకుని వచ్చేసరికి ఆకుపచ్చ లైటు వెలిగి ఉంటుంది. మళ్లీ కట్టేసుకోవడమే.